పెట్రి ప్లేటులో డెల్టా

మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్ గాజుసామాను కడగడంతో మొదలవుతాయి. డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థికి తొలి వారాల్లో సూక్ష్మజీవి కంటబడకపోవచ్చు కూడా. టెస్ట్‌ట్యూబులు కడిగి ఆరబెట్టడం, వాటికి దూది బిరడాలు చుట్టడం, పిప్పెట్లను కాగితంలో పొట్లం కట్టడం, సూక్ష్మజీవులకు తిండిగా పెట్టే మీడియా తూచి కరిగించడంతోనే సమయం గడిచిపోతుంది. సూక్ష్మజీవులు చూద్దామని వచ్చినవాళ్లకు ఇది విసుగే. అయినా ఈ శాస్త్రంలో సగం ఈ చాకిరీలోనే ఉంది. గాలిలో, నీటిలో, చేతి వేళ్ల మీద, అన్నిచోట్లా సూక్ష్మజీవులే ఉన్నప్పుడు, ప్లేటులో మొలిచింది నమూనాలోదా, మన చేతిదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగితేనే ఏ ఫలితానికైనా విలువ.

ఈ చదువుకు కావలసిన నమూనాలు కృష్ణా పశ్చిమ డెల్టాలో అడుగడుగునా దొరుకుతాయి. తెనాలి మధ్యనుంచి మూడు కాలువలు పారుతున్నాయి. బాపట్ల దగ్గర తీరపు ఇసుక నేలలు, వాటికి ఎగువన నల్లరేగడి మాగాణులు. రేపల్లె దిగువన కృష్ణ సముద్రంలో కలిసేచోట రొయ్యల చెరువులు, అదే తీరాన నిజాంపట్నం హార్బరు. తెనాలి, రేపల్లె డిగ్రీ కాలేజీలు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలోవి. బాపట్లలో 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందిది. డిగ్రీ కాలేజీల్లో మైక్రోబయాలజీ వైద్యం, ఆహారం వైపు మొగ్గితే, వ్యవసాయ కళాశాలలో మట్టి, మొక్కల వైపు మొగ్గుతుంది. మొదటి పది ప్రాక్టికల్స్ మాత్రం ఎక్కడైనా దాదాపు ఒకటే.

గాజుసామాను శుద్ధి చేయడానికి హాట్ ఎయిర్ ఓవెన్‌లో 160 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు గంటలు ఉంచుతారు. మీడియాను అలా ఉంచితే ఎండిపోయి మాడిపోతుంది కనుక దానికి ఆటోక్లేవ్ వాడతారు: చదరపు అంగుళానికి 15 పౌన్ల పీడనం, 121 డిగ్రీలు, 15 నుంచి 20 నిమిషాలు. మరిగే నీటితో ఎందుకు సరిపెట్టకూడదంటే, బాసిల్లస్, క్లాస్ట్రిడియం జాతుల స్పోర్లు 100 డిగ్రీలను తట్టుకుని బతికేస్తాయి. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. లోపలి గాలి మొత్తం బయటికి పోకముందే ఆవిరి వాల్వు మూసేస్తారు. గేజి మీద ముల్లు 15 చూపిస్తుంది, కానీ గాలీ ఆవిరీ కలిసి ఉన్న ఆ పాత్రలో ఉష్ణోగ్రత 121కి చేరదు. ఆ మీడియాలో రెండు రోజుల తరవాత తెల్లటి మడ్డి తేలుతుంది. అందుకే వాల్వులోంచి ఆవిరి ధారగా, ఎడతెగకుండా వచ్చేదాకా ఆగాలని డెమాన్‌స్ట్రేటర్లు పదేపదే చెబుతారు.

సాధారణంగా వాడే న్యూట్రియెంట్ అగర్‌లో లీటరు నీటికి 5 గ్రాముల పెప్టోన్, 3 గ్రాముల బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్, 5 గ్రాముల ఉప్పు, 15 గ్రాముల అగర్ పడతాయి. ఇందులో తిండి మొదటి రెండే. అగర్ కేవలం గట్టిపరచడానికి. చాలా బాక్టీరియాలు దాన్ని అరిగించుకోలేవు. సముద్రపు నాచునుంచి తీసే ఈ పదార్థం ప్రయోగశాలలోకి వంటింటినుంచే వచ్చింది. జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోఖ్ మొదట్లో జిలాటిన్ వాడేవాడు. అది 30 డిగ్రీల లోపే కరిగిపోయేది, పైగా కొన్ని బాక్టీరియాలు దాన్ని జీర్ణించుకుని నీరు చేసేవి. కోఖ్ దగ్గర పనిచేస్తున్న వాల్టర్ హెస్సె భార్య ఫానీ హెస్సె, తాను జెల్లీలకు వాడే అగర్‌ను 1881లో సూచించింది. అది కరగాలంటే 85 డిగ్రీలు దాటాలి; కరిగాక మళ్లీ గడ్డకట్టేది దాదాపు 40 డిగ్రీల దగ్గర. జిలాటినే కొనసాగి ఉంటే తెనాలి లాంటి ఊళ్లో ఏడాదిలో ఎక్కువ కాలం గట్టి మీడియా గట్టిగా ఉండేదే కాదు. మూతతో కూడిన పల్చటి గాజు ప్లేటును జూలియస్ రిచర్డ్ పెట్రి 1887లో ప్రకటించాడు. అప్పటినుంచి దాని రూపం పెద్దగా మారలేదు.

ప్లేటు పోశాక నేర్చుకునేది స్ట్రీకింగ్. చూడ్డానికి తేలిక, చేతికి రావడం కష్టం. నైక్రోమ్ లూపును మంటలో ఎర్రగా కాల్చి, అగర్ అంచుకు తాకించి చల్లార్చి, నమూనాను రవ్వంత తీసుకుని ప్లేటులో ఒక మూల గీతలు గీస్తారు. లూపు మళ్లీ కాల్చి, మొదటి గీతల చివరనుంచి కొంచెం లాగి రెండో భాగంలో, అలాగే మూడో, నాలుగో భాగాల్లో. ప్రతిసారీ లూపుకు అంటుకునే కణాలు తగ్గుతూ పోయి, చివరి గీతల్లో ఒక్కో కణం విడివిడిగా పడుతుంది. మర్నాటికి ఆ ఒక్క కణమే పెరిగి కంటికి కనిపించే చుక్క అవుతుంది. అదే కాలనీ. ఒక కాలనీని ఏరి మరో ప్లేటు మీద గీస్తే శుద్ధ కల్చర్ వస్తుంది. లూపు చల్లారకముందే నమూనాలో ముంచితే కణాలు చస్తాయి. మధ్యలో కాల్చడం మరిచిపోతే నాలుగు భాగాల్లోనూ ఒకే దట్టమైన పూత పెరుగుతుంది. మరీ నొక్కితే అగర్ చీలుతుంది. ఈ మూడు తప్పులూ తొలి బ్యాచ్ ప్లేట్లలో పక్కపక్కనే కనిపిస్తాయి.

స్ట్రీకింగ్ చేసేంతసేపూ ఫ్యాన్లు ఆపాలి. తీరప్రాంతపు ఉక్కలో, వెలుగుతున్న బర్నర్ల మధ్య, ఇదేమీ చిన్న షరతు కాదు. గాలి కదిలితే దానితోపాటు బూజు స్పోర్లూ కదులుతాయి, వానాకాలంలో మరీనూ. అగర్ మీద నల్లటి పొడి చల్లినట్టు ఆస్పర్జిల్లస్ నైజర్ పెరిగిన ప్లేట్లు ఆ నెలల్లో మామూలే. అందుకే ప్రతి ప్రయోగంలో ఏ నమూనా వేయని ప్లేటును ఒకటి, కంట్రోల్‌గా, పక్కన ఉంచుతారు. అందులో ఏదైనా మొలిస్తే మిగతా ప్లేట్ల లెక్క చెల్లదు. ఇంక్యుబేటర్‌లో ప్లేట్లను బోర్లించి పెట్టడం కూడా ఇలాంటి జాగ్రత్తే: మూతకు పట్టే చెమ్మ బొట్లు కాలనీల మీద పడితే విడివిడిగా ఉన్నవి కలిసిపోతాయి.

తరవాతిది లెక్కింపు. ఒక గ్రాము మట్టిని 9 మిల్లీలీటర్ల శుద్ధజలంలో కలిపితే పదింతలు పలచనవుతుంది. అందులో ఒక మిల్లీలీటరు తీసి మరో 9 మిల్లీలీటర్లలో కలిపితే వందింతలు. ఇలా ఐదారు ట్యూబుల దాకా వెళ్లి, చివరివాటినుంచి ఒక్కో మిల్లీలీటరు ప్లేటులో పోస్తారు. 30 నుంచి 300 మధ్య కాలనీలు ఉన్న ప్లేట్లనే లెక్కకు తీసుకుంటారు. ఉదాహరణకు లక్షింతలు పలచన చేసిన ట్యూబునుంచి 84 కాలనీలు వస్తే, గ్రాము మట్టిలో 84 లక్షల కణాలన్నమాట. తెనాలి నల్లరేగడిని, బాపట్ల ఇసుకను ఒకే రోజు పక్కపక్కన ఇలా పరీక్షిస్తే, సేంద్రియ పదార్థమూ తేమా నిలుపుకునే నేలకూ నిలుపుకోలేని నేలకూ ఉన్న తేడాను విద్యార్థి తానే లెక్కగట్టవచ్చు. అయితే ఈ అంకెకు ఒక పరిమితి ఉంది. మైక్రోస్కోపులో నేరుగా లెక్కిస్తే కనిపించే మట్టి బాక్టీరియాల్లో నూటికి ఒకటో అరో మాత్రమే మామూలు మీడియా మీద పెరుగుతాయి. ప్లేటు చెప్పేది ఆ తిండి తిని, ఆ వేడిలో, ఆ రెండు రోజుల్లో పెరగగలిగినవాటి సంఖ్య మాత్రమే.

మట్టి ప్లేట్లమీద నాలుగైదు రోజులకు సున్నప్పొడి రాలినట్టుండే పొడిబారిన కాలనీలు వస్తాయి. మూత తీస్తే తొలకరి వాసన. ఇవి స్ట్రెప్టోమైసిస్ జాతులు. వాసన వాటిలో తయారయ్యే జియోస్మిన్‌ది. ఈ జాతిలోని ఒక బాక్టీరియంనుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుగొని 1948లో ప్రకటించినప్పుడు, అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

మొత్తం కోర్సులో ఒక్క ప్రాక్టికల్‌నే ఎంచుకోమంటే గ్రామ్ స్టెయినింగ్‌నే ఎంచుకోవాలి. డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో దీన్ని ప్రకటించాడు. న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల కణజాలంలో బాక్టీరియాలు స్పష్టంగా కనిపించేలా చేయడమే ఆయన ఉద్దేశం; బాక్టీరియా ప్రపంచాన్ని రెండుగా విడదీయాలని ఆయన అనుకోలేదు. పద్ధతి ఇది: స్లైడు మీద నీటిబొట్టులో కల్చర్‌ను పల్చగా పూసి, ఆరనిచ్చి, మంటమీద రెండు మూడుసార్లు పోనిచ్చి అతికించాలి. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం. కడిగి, అయొడిన్ ఒక నిమిషం. కడిగి, ఆల్కహాలు కొద్ది సెకన్లు. వెంటనే నీళ్లతో కడిగి, శాఫ్రనిన్ అర నిమిషం నుంచి ఒక నిమిషం. చివర్లో కణగోడ మందంగా ఉన్నవి ఊదారంగులో మిగులుతాయి, వాటిని గ్రామ్ పాజిటివ్ అంటారు. పల్చటి గోడ, దానిపైన కొవ్వు పొర ఉన్నవి ఊదాను వదిలేసి శాఫ్రనిన్‌తో ఎర్రబడతాయి, అవి గ్రామ్ నెగటివ్.

నాలుగు ద్రవాల్లో ఆల్కహాలు దగ్గరే చేయి తిరగాలి. స్లైడును వాలుగా పట్టుకుని చుక్కచుక్కగా పోస్తుంటే అంచునుంచి ఊదానీరు కారుతుంది. ఆ కారే నీటిలో రంగు పోగానే ఆపాలి. నాలుగు సెకన్లు ఆలస్యమైతే పాజిటివ్‌లు కూడా ఎర్రబడతాయి, తొందరపడితే నెగటివ్‌లు ఊదాగా మిగులుతాయి. పూత మందమైతే ఒకే స్లైడులో రెండూ కనిపిస్తాయి. కల్చర్ వయసూ ముఖ్యమే. గ్రామ్ పాజిటివ్ బాసిల్లస్‌ను రెండు మూడు రోజుల పాత ప్లేటునుంచి తీస్తే గోడలు పాడైన కణాలు ఎర్రగా కనిపించి తికమక పెడతాయి. 18 నుంచి 24 గంటల కల్చరే వాడాలి. అందుకే తెలియని నమూనాతోపాటు అదే స్లైడు మీద తెలిసిన గ్రామ్ పాజిటివ్ స్టెఫిలోకాకస్‌ను ఒక చివర, గ్రామ్ నెగటివ్ ఈ.కోలిని మరో చివర పూయడం మంచి అలవాటు. ఆ రెండూ సరైన రంగు చూపితేనే మధ్యలోదాన్ని నమ్మవచ్చు. ఈ అలవాటు లేక ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు పోగొట్టుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

రంగు వేసిన స్లైడు చూడాలంటే ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కావాలి. 100 రెట్ల ఆబ్జెక్టివ్, 10 రెట్ల ఐపీస్, కలిపి వెయ్యి రెట్లు. గాజునుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగిపోయే కాంతి, గాజుతో సమానంగా కాంతిని వంచే నూనెబొట్టు మధ్యలో ఉంటే సూటిగా లెన్సులోకి పోతుంది. ఇంట్లో తోడుపెట్టిన పెరుగునుంచి చేసిన స్లైడులో ఊదారంగు కడ్డీలు, గొలుసుగా పేర్చిన గుండ్రటి కణాలు కనిపిస్తాయి. మొదటివి లాక్టోబాసిల్లస్, రెండోవి స్ట్రెప్టోకాకస్, లాక్టోకాకస్ వర్గాలవి. రాత్రి పులిసిన ఇడ్లీపిండిలో గుండ్రటి కణాల జంటలు ఎక్కువ. వాటిలో ముఖ్యమైన లూకనోస్టాక్ మెసెంటెరాయిడిస్ మినపప్పు మీదనుంచే వస్తుంది. అది వదిలే కార్బన్ డయాక్సైడే పిండిని పొంగిస్తుంది.

తెనాలి కాలువల నీరు ప్రకాశం బ్యారేజీనుంచి ఊళ్లు దాటుకుంటూ వస్తుంది. ఆ నీటిలో టైఫాయిడ్ క్రిమి ఉందా అని నేరుగా వెతకడం వృథా ప్రయాస. ఉన్నా చాలా కొద్దిగా ఉంటుంది, దొరకకపోయినంత మాత్రాన లేదని చెప్పలేం. అందుకని మనుషుల, పశువుల పేగుల్లో కోట్ల సంఖ్యలో ఉండే ఈ.కోలిని, దాని బంధువులైన కోలిఫారాలను వెతుకుతారు. అవి ఉన్నాయంటే, ముఖ్యంగా ఈ.కోలి ఉందంటే, మలం కలిసి ఉండవచ్చని, రోగక్రిములూ వచ్చి ఉండవచ్చని అర్థం. లాక్టోజ్ ద్రవమున్న ట్యూబుల మూడు వరుసల్లో 10, 1, 0.1 మిల్లీలీటర్ల నీరు కలుపుతారు. ఒక్కో ట్యూబులో చిన్న డర్హమ్ గొట్టం తలకిందులుగా ఉంటుంది. 37 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులకు ద్రవం రంగు మారి, డర్హమ్ గొట్టంలో గాలిబుడగ చేరితే ఆ ట్యూబు పాజిటివ్. ఏ వరుసలో ఎన్ని పాజిటివ్‌లో చూసి పట్టికలో సరిపోల్చితే 100 మిల్లీలీటర్లకు ఎన్ని కోలిఫారాలు ఉండవచ్చో తెలుస్తుంది. అక్కడితో ఆగకూడదు. పాజిటివ్ ట్యూబునుంచి ఈఎంబీ అగర్ మీద గీస్తే ఈ.కోలి కాలనీలు తుమ్మెద రెక్కల మీది పచ్చటి లోహపు మెరుపు చూపిస్తాయి. తాగే నీరు 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి ఒక్కటీ ఉండకూడదన్నది ప్రమాణం. కాలువ నీరు, బాపట్ల తీరంలో ఇసుక తవ్వితే ఊరే దొరువు నీరు, కుళాయి నీరు, ఈ మూడింటినీ ఒకే బ్యాచ్‌లో పెడితే పరీక్ష అర్థం వివరించనక్కర్లేదు.

బాపట్ల వ్యవసాయ కళాశాల పరిసరాల్లో ప్రయోగాలు పొలంనుంచే మొదలవుతాయి. డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ చేలోనే మినుము చల్లే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఇటీవల మొక్కజొన్న దాని చోటు చాలావరకు ఆక్రమించింది. నెల వయసు మినుపమొక్కను వేరు తెగకుండా పెకలించి కడిగితే బుడిపెలు కనిపిస్తాయి. బ్లేడుతో కోస్తే లోపల గులాబిరంగు. అది లెగ్‌హిమోగ్లోబిన్, అంటే ఆ బుడిపెలో నత్రజని స్థిరీకరణ జరుగుతోందన్నమాట. పచ్చగానో గోధుమరంగులోనో ఉంటే పని అయిపోయినట్టు. బుడిపెను ఆల్కహాల్లో, ఆపైన మెర్క్యూరిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచి, శుద్ధజలంతో చాలాసార్లు కడిగి, నలిపి, కాంగోరెడ్ కలిపిన ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ మానిటాల్ అగర్ మీద గీస్తారు. బుడిపెలు కట్టే రైజోబియం వర్గం రంగును అంతగా పీల్చుకోదు కనుక కాలనీలు తెల్లగా, జిగురుగా వస్తాయి. ఎర్రబడినవి సాధారణంగా బయటివి. మినుములో బుడిపెలు కట్టేది ఎక్కువగా బ్రాడీరైజోబియం, చాలా నిదానంగా పెరిగే రకం. వారం పట్టవచ్చు. రెండోరోజే బలంగా పెరిగిన కాలనీ చూసి రైజోబియం దొరికిందని సంతోషించడం తొందరపాటు.

బాపట్లకూ ఒక బాక్టీరియాకూ ఉన్న సంబంధం ఇంకా లోతైనది. 1986లో విడుదలైన సాంబ మసూరి వరికి బీపీటీ 5204 అన్నది సంఖ్య. ఆ మూడక్షరాలు బాపట్లవి. గింజ నాణ్యతలో దానికి సాటి దొరకడం కష్టమే, కానీ ఎండాకు తెగులుకు అది తేలిగ్గా లొంగిపోతుంది. తెగులుకు కారణం జాంథోమొనాస్ ఒరైజె పీవీ. ఒరైజె అనే గ్రామ్ నెగటివ్ బాక్టీరియం. ఆకు కొననుంచి అంచుల వెంబడి అలలుగా గడ్డిరంగు దిగుతుంది. తొలి పరీక్షకు మీడియా కూడా అక్కర్లేదు. పచ్చ, పసుపు కలిసేచోట ఆకును సెంటీమీటరు ముక్కగా కోసి, స్లైడు మీద నీటిబొట్టులో పెట్టి, కవర్‌స్లిప్ వేసి తక్కువ శక్తి లెన్సుతో చూస్తే, కోసిన ఈనెల చివరలనుంచి బాక్టీరియా మబ్బుగా బయటికి పారడం కనిపిస్తుంది. శిలీంధ్రాలవల్ల వచ్చే మచ్చ తెగుళ్లలో ఈ ధార రాదు.

ఆ ధార బాక్టీరియా ఉన్నట్టు చెబుతుంది, తెగులుకు అదే కారణమని రుజువు చేయదు. దానికి కోఖ్ నియమాలు పాటించాలి. పెప్టోన్ సుక్రోజ్ అగర్ మీద పసుపు రంగు జిగురు కాలనీలు పెంచి, ఒకదాన్ని శుద్ధి చేసి, నీటిలో కలిపి, ఆ నీటిలో ముంచిన కత్తెరతో ఆరోగ్యంగా ఉన్న వరి ఆకుల కొనలు కత్తిరిస్తారు. పక్కనే మామూలు నీటిలో ముంచిన కత్తెరతో కొన్ని. రెండు వారాలకు మొదటివాటిపై ఎండిన మేర ఎన్ని సెంటీమీటర్లో కొలిచి, ఆ ఆకులనుంచి అదే బాక్టీరియాను తిరిగి వెలికితీయాలి. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంచాలనాలయం కలిసి xa5, xa13, Xa21 అనే మూడు నిరోధక జన్యువులను సంకరాల ద్వారా సాంబ మసూరిలో చేర్చి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని విడుదల చేశాయి. పాత, కొత్త రకాలను పక్కపక్క కుండీల్లో పెంచి అదే కత్తెరతో కత్తిరిస్తే, ఎండిన మేరల్లో తేడాను స్కేలుతో కొలవవచ్చు. మొదటి సంవత్సరం విద్యార్థి చేతికి అందే ప్రయోగాల్లో ఇంతకంటే ఘనమైనది అరుదు.

రేపల్లె వైపు నీరు ఉప్పగా ఉంటుంది, దాంతో మీడియా కూడా మారుతుంది. రొయ్యల చెరువుల్లో విబ్రియో జాతులే పెద్ద సమస్య. వాటికి టీసీబీఎస్ అగర్ వాడతారు. ఇది ఆటోక్లేవ్ చేయకూడని మీడియా. మరిగించి నేరుగా పోస్తారు. అందులోని పిత్తలవణాలు, ఎక్కువ క్షారత మిగతా చాలా బాక్టీరియాలను అణచివేస్తాయి. సుక్రోజును పులియబెట్టేవి పసుపు కాలనీలుగా, పులియబెట్టనివి ఆకుపచ్చగా వస్తాయి. రొయ్యల పెంపకందార్లు గ్రీన్ కాలనీలంటే భయపడేది అందుకే: రొయ్యపిల్లల్ని తొందరగా చంపే ఏహెచ్‌పీఎన్‌డీ వ్యాధికి ముఖ్య కారణమైన విబ్రియో పారాహీమోలిటికస్ ఆకుపచ్చగా వస్తుంది. రంగొక్కటే చూసి తీర్పు చెప్పడం మాత్రం సరికాదు; ఆ జాతిలో వ్యాధి కలిగించే విషపు జన్యువులు లేని రకాలూ ఉన్నాయి, వాటి కాలనీలూ ఆకుపచ్చవే.

యాంటీబయాటిక్ డిస్క్ పరీక్ష ఇక్కడే బాగా అతుకుతుంది. ముల్లర్ హింటన్ అగర్ 4 మిల్లీమీటర్ల మందాన పోసి, బాక్టీరియాను దూదిపుల్లతో సమానంగా పూసి, మందు పట్టించిన కాగితపు బిళ్లలు పెట్టి, మర్నాడు వాటి చుట్టూ ఖాళీ వలయాలను కొలుస్తారు. 1966లో కిర్బీ, బౌయర్ బృందం ప్రామాణికం చేసిన పద్ధతి ఇది. పెద్ద వలయం కనబడినంత మాత్రాన మంచి మందని అనుకోకూడదు, ఎందుకంటే ఒక్కో మందు అగర్‌లో ఒక్కో వేగంతో వ్యాపిస్తుంది. ఒక్కోదానికి వేరే కొలత పట్టిక ఉంటుంది.

నీళ్లూ మట్టీ చెరువులూ ప్లేటులోకి తెచ్చినప్పుడు ఏవి పెరుగుతున్నాయో ముందుగా తెలియదు కనుక, ప్లేట్లకు టేపు వేసి మూత తీయకుండానే చూడడం, నోటితో పిప్పెట్ పీల్చకపోవడం, బల్లను ముందూ తరవాతా క్రిమిసంహారిణితో తుడవడం తప్పనిసరి. లెక్కయిన ప్లేట్లను చెత్తబుట్టలో వేయరు. ఆటోక్లేవ్ చేశాకే బయటికి పంపుతారు.

కోర్సు చివర్లో విద్యార్థికి పేరు చెప్పని కల్చర్ ఒకటి ఇస్తారు. గ్రామ్ రంగు, ఆకారం, కదలిక, కాటలేజ్, ఆక్సిడేజ్, చక్కెరల పులియబెట్టడం, ఇండోల్, మిథైల్ రెడ్, వోజెస్ ప్రాస్కవర్, సిట్రేట్ పరీక్షలు వరుసగా చేసి పట్టికలో వెతుక్కోవాలి. చివరి నాలుగింటిలో వరుసగా పాజిటివ్, పాజిటివ్, నెగటివ్, నెగటివ్ వస్తే ఈ.కోలి అయ్యే అవకాశం ఎక్కువ. సుమారు 1,500 అక్షరాల 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువును చదివి పేరు తేల్చే పని పైతరగతులది. మొదటి సంవత్సరం రికార్డులో గ్రామ్ నెగటివ్ కడ్డీ, లాక్టోజ్ పులియబెడుతుంది, ఇండోల్ పాజిటివ్ అని పరీక్ష చూపినంత వరకే రాసి, జాతి పేరు పక్కన ‘కావచ్చు’ అని చేర్చినవారికే ఎగ్జామినర్ మార్కులు వేయాలి.